వాలంటీర్ల చేతికొచ్చిన ఫిరంగులు: టైన్ నది నుంచి ఫ్లాట్ హోమ్ దీవి దాకా ఏడు రోజులు

బ్రిటన్‌లో విక్టోరియా రాణి కాలం నాటి తీర ఫిరంగులు చూడాలనుకునేవాళ్ళు మామూలుగా పోర్ట్స్‌మత్ వెళ్ళి, రెండు కోటలు చూసి వెనక్కి వచ్చేస్తారు. దాంతో సగమే తెలుస్తుంది. ఫిరంగి ఎక్కడ తయారైంది, ఎక్కడ పరీక్షించారు, ఎక్కడ బిగించారు, చివరికి ఎవరి చేత పేల్పించారు అన్నవి వరసగా చూస్తే తప్ప ఆ గోడలు అలా ఎందుకున్నాయో అర్థం కాదు. కోట కట్టడానికి పదేళ్ళు పట్టేది, ఫిరంగి కొన్నేళ్ళకే పాతబడేది. పాతబడిన ఫిరంగుల్లో చాలా చివరికి సాయంత్రాలు డ్రిల్లుకొచ్చే గుమాస్తాల, కార్మికుల చేతికి, అంటే వాలంటీర్లకు చేరేవి. ఈ దారంతా కనిపించేది అదే.

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపు పెట్టుకోండి. చలికాలంలో చిన్న పడవలు మామూలుగా నడవవు, కొన్ని కోటలు మూసేస్తారు. టార్చి, జారని బూట్లు, అంగుళాల టేపు సంచిలో ఉండాలి. టేపు దేనికంటే, ఫిరంగి మూతి లోపలి వ్యాసం కొలిస్తే సగం గుర్తుపట్టినట్టే. 6.3 అంగుళాలుంటే 64 పౌండర్, అంటే 64 పౌన్ల గుండు వేసేది. ఆ పైన 7, 9, 12.5 అంగుళాల పెద్దవాటికి వ్యాసమే పేరు.

మొదటి రోజు: న్యూకాజిల్, టైన్‌మత్

న్యూకాజిల్‌లో ముందు చూడాల్సింది ఫిరంగి కాదు, వంతెన. నది మీద 1876లో తెరిచిన స్వింగ్ బ్రిడ్జ్ నీటి ఒత్తిడి యంత్రాలతో పక్కకు తిరిగేలా కట్టింది. దాని ఎగువన ఎల్స్‌విక్‌లో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ కర్మాగారం ఉండేది. పాత వంతెన తక్కువ ఎత్తులో ఉండటంతో పెద్ద ఓడలు అక్కడిదాకా వెళ్ళలేకపోయేవి. కొత్త వంతెన దాటిన మొదటి ఓడ యూరోపా. ఇటలీ నౌకాదళం కోసం ఎల్స్‌విక్‌లో తయారైన 100 టన్నుల ఫిరంగిని ఎక్కించుకోవడానికి 1876 జూలైలో అది ఆ దారిన వెళ్ళింది. ఇటలీకి అంత ఫిరంగి అమ్మాక, దానికి దీటైనది మాల్టాలో తమకూ ఉండాలని బ్రిటన్‌కు గుబులు పట్టుకుంది. అదే ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర నాలుగు కొని, రెండు మాల్టాలో, రెండు జిబ్రాల్టర్‌లో పెట్టింది. వ్యాపారమంటే అదీ!

ఆర్మ్‌స్ట్రాంగ్ మొదటి ఫిరంగి 1855 నాటిది, 3 పౌండర్. అందులో కొత్త సంగతి గొట్టం తయారీ. గోల్కొండలో ఔరంగజేబు నాటి ఫతే రహబర్ చూసినవాళ్ళకు పోత పోసిన కంచు ఫిరంగి ఎలా ఉంటుందో తెలుసు, గొట్టం మొత్తం ఒకే ముద్ద. ఆర్మ్‌స్ట్రాంగ్ అలా పోత పోయలేదు. ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చి స్ప్రింగులా చుట్టి, చుట్లను సుత్తితో కలిపి గొట్టం చేశాడు. దాని మీదికి కాస్త చిన్న వ్యాసమున్న మరో గొట్టాన్ని కాల్చి ఎక్కిస్తే, చల్లారేటప్పుడు అది బిగుసుకుని లోపలి గొట్టాన్ని అన్ని వైపుల నుంచీ నొక్కి పట్టుకుంటుంది. మందు పేలినప్పుడు గొట్టం చీలాలంటే ముందు ఆ నొక్కుడును గెలవాలి.

ఎల్స్‌విక్ కర్మాగారం ఇప్పుడు లేదు. స్కాట్స్‌వుడ్ రోడ్డు పక్కన ఆ స్థలంలో ఆఫీసు భవనాలున్నాయి. మెట్రో ఎక్కి టైన్‌మత్ వెళ్ళండి. అక్కడి కోట, మఠం శిథిలాల మధ్య నిలబడితే నదీ ముఖద్వారం మొత్తం కనిపిస్తుంది. తొలి ఆర్టిలరీ వాలంటీర్ దళం తమదేనని చెప్పుకునే టైన్‌మత్ దళం 1859 ఆగస్టు 2న ఇక్కడే పుట్టింది.

నేపథ్యం రెండు ముక్కల్లో. ఫ్రాన్స్ ఆవిరితో నడిచే ఇనుప కవచపు ఓడ కడుతోందన్న భయంతో 1859 మే 12న బ్రిటిష్ యుద్ధ శాఖ కౌంటీ అధికారులకు సర్క్యులర్ పంపి, వాలంటీర్ దళాలు పెట్టుకోవచ్చంది. షరతు ఏమిటంటే ఖర్చు మీదే. యూనిఫాం ఎవరిది వాళ్ళు కుట్టించుకోవాలి. లోతట్టు పట్టణాల్లో రైఫిల్ దళాలు లేచాయి, రేవు పట్టణాల్లో ఫిరంగి దళాలు. రైఫిల్ వాళ్ళకు బూడిద రంగో ఆకుపచ్చో, ఫిరంగి వాళ్ళకు నీలం. ఫిరంగిని మాత్రం ఎవరూ సొంత డబ్బుతో కొనలేరు కాబట్టి సర్కారే ఇచ్చింది. ఏమిచ్చిందంటే, డిపోల్లో పడున్న పాత నున్నగొట్టం ఫిరంగులు, అంటే లోపల గుండును తిప్పే మెలి గాడులు లేనివి. 1863 వాలంటీర్ చట్టం వచ్చాక, ఏడాదిలో చేయాల్సినన్ని డ్రిల్లులు చేసి 'సమర్థుడు' అనిపించుకున్న ప్రతి మనిషికీ దళానికి 20 షిల్లింగుల గ్రాంటు రావడం మొదలైంది. అప్పట్నుంచి హాజరు పుస్తకమే దళానికి ప్రాణం.

టైన్‌మత్ కోటలో ఇప్పుడు కనిపించే 6 అంగుళాల ఫిరంగి తర్వాతి కాలానిది. దాని కింది మందు గదుల్ని మాత్రం తీరిగ్గా చూడండి. దీపం ఒక గదిలో, మందు మరో గదిలో, మధ్యలో గాజు కిటికీ. మందు గదిలోకి నిప్పు పోకుండా వెలుతురు మాత్రమే పోయే ఆ ఏర్పాటు ఈ దారిలో ప్రతి కోటలోనూ ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది.

రెండో రోజు: షూబరీనెస్

రాత్రికే లండన్ చేరుకుని, పొద్దున్నే ఫెంచర్చ్ స్ట్రీట్ స్టేషన్లో రైలెక్కితే దాదాపు గంటలో షూబరీనెస్. ఆ లైనుకి ఇదే ఆఖరి స్టేషన్.

పటం చూస్తే ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో తెలిసిపోతుంది. ఆటు సమయంలో ఇక్కడ సముద్రం మైళ్ళకొద్దీ వెనక్కి పోయి గట్టి ఇసుక తేలుతుంది. పోటులో పేల్చిన గుండును ఆటులో వెళ్ళి ఏరుకొచ్చి, అది ఎక్కడ పడింది, దాని ఒంటి మీద గాడుల గీతలు ఎలా పడ్డాయి, తొడుగు ఊడిందా లేదా అన్నీ చూడొచ్చు. 1849 నుంచి ఇక్కడ పరీక్షల మైదానం ఉంది. 1859లో స్కూల్ ఆఫ్ గన్నరీ వచ్చింది.

అసలు పోరాటమంతా ఇక్కడే జరిగింది, ఫ్రెంచివాళ్ళతో కాదు, ఇనుప పలకలతో. బ్రిటన్ కట్టిన వారియర్ అనే కవచ నౌక గోడ ముక్కను, అంటే నాలుగున్నర అంగుళాల ఇనుము, దాని వెనక 18 అంగుళాల టేకు, ఆ వెనక పల్చటి ఇనుప చర్మం, అచ్చంగా అలాగే చేసి 1861లో ఇసుకలో నిలబెట్టారు. సైన్యం చేతిలో ఉన్న ఫిరంగులు దాన్ని చీల్చలేకపోయాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ కొత్త వెనక-మూత (వెనకనుంచి నింపే) ఫిరంగి కంటే పాత 68 పౌండర్ నున్నగొట్టమే పలకను గట్టిగా కొట్టిందని తేలడం చాలామందికి మింగుడుపడలేదు. 1862లో ఆట మారింది. ఏప్రిల్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ పెద్ద ఫిరంగి గాడులు వేయకుండానే, 50 పౌన్ల మందుతో పలకను చీల్చింది. శరదృతువులో లివర్‌పూల్ దగ్గర మెర్సీ ఇనుప కర్మాగారం ఒకే ముద్దగా సాగగొట్టి చేసిన 13 అంగుళాల, 22 టన్నుల హార్స్‌ఫాల్ ఫిరంగి కూడా దాన్ని బద్దలుకొట్టింది. కానీ ఆ తరహాలో రెండోది కావాలని సైన్యం అడగలేదు. అంత పెద్ద ముద్దను సుత్తితో కొట్టేటప్పుడు లోపలి అతుకు సరిగా పడిందో లేదో బయటికి కనిపించదు, పగులుంటే పేలాకే తెలుస్తుంది. చుట్లు చుట్టిన గొట్టంలో ప్రతి పొరనూ విడిగా పరీక్షించవచ్చు.

ఆర్మ్‌స్ట్రాంగ్ వెనక-మూత ఫిరంగి సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే దాని 40 పౌండర్ వాలంటీర్లతో దశాబ్దాలు కాపురం చేసింది. గొట్టం వెనక పైభాగంలో ఒక కంత ఉంటుంది. అందులోకి వెంట్-పీస్ అనే బరువైన ఇనుప దిమ్మ దిగుతుంది. దాన్ని వెనకనుంచి పెద్ద బోలు మర బిగించి పట్టుకుంటుంది. మర వదులు చేసి, దిమ్మను పైకెత్తి పక్కన పెట్టాలి. ఆ బోలు మర గుండానే సీసపు తొడుగున్న షెల్లును (లోపల మందు నింపిన గుండును) తోయాలి. దాని వెనక కొవ్వు, నూనె పట్టించిన బిళ్ళ, దాని వెనక మందు సంచి. తర్వాత దిమ్మను దించి మర బిగించాలి. సీసం గాడుల్లోకి ఒత్తుకుపోయి షెల్లు తిరుగుతుంది. ఆ కొవ్వు బిళ్ళ గొట్టానికి అంటుకున్న సీసాన్ని తుడుస్తుంది. అది మరిచిపోతే పదో గుండుకే గాడులు పూడుకుపోతాయి.

ఇక్కడ చెడేది దిమ్మే. దిమ్మ ముఖం మీది రాగి అంచుకు, గొట్టానికి మధ్య ఇసుక రేణువంత సందున్నా మంట అందులోంచి దూసుకొచ్చి లోహాన్ని కోస్తుంది. మర ఒక్క చుట్టు తక్కువ బిగించినా దిమ్మ పైకి ఎగిరిపోతుంది. 1863లో జపాన్‌లోని కగోషిమా మీద బ్రిటిష్ ఓడలు 21 ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులతో 365 గుండ్లు పేలిస్తే 28 సార్లు ఏదో ఒకటి చెడింది. దాంతో సైన్యం వెనకడుగు వేసి మళ్ళీ మూతి నుంచి నింపే ఫిరంగులకే వచ్చింది, కాకపోతే ఈసారి గాడులతో.

నేషనల్ ఆర్టిలరీ అసోసియేషన్ వార్షిక పోటీలు 1865 నుంచి ఈ ఇసుక మీదే జరిగాయి. దేశం నలుమూలల నుంచీ వాలంటీర్లు గుడారాలు వేసుకుని దిగేవాళ్ళు. గురి ఒక్కటే చాలదు, నింపడానికి పట్టే సమయం కూడా లెక్కే. సొంత ఊళ్ళో ఏడాదికి ఏ కొద్ది గుండ్లో పేల్చే దళాలకు అసలు ఫిరంగి చప్పుడు సరిగా వినిపించేది ఇక్కడే.

పాత సైనిక శిబిరంలో ఇప్పుడు జనం కాపురాలుంటున్నారు. గడియారపు గోపురం కింద నుంచి నడిచి గన్నర్స్ పార్క్‌లోకి వెళ్తే సముద్రం ఒడ్డున తర్వాతి తరం బ్యాటరీల (ఫిరంగులను వరసగా పెట్టిన చోట్ల) కాంక్రీటు కనిపిస్తుంది. ఈ ఊరి చర్చి ఆవరణను కూడా చూడకుండా వదలొద్దు. 1885 ఫిబ్రవరి 26న షెల్లును పేల్చే ఒక కొత్త సున్నితమైన ఫ్యూజును దానికి అమర్చుతుండగా అది పేలి ఏడుగురు పోయారు. ఆ ఫ్యూజును తయారుచేసిన కల్నల్ లయన్, స్కూల్ అధిపతి కల్నల్ ఫాక్స్-స్ట్రాంగ్‌వేస్ ఇద్దరూ వాళ్ళలో ఉన్నారు. ఈశాన్యాన ఉన్న ఫౌల్‌నెస్ వైపు ఇప్పటికీ సైనిక పరీక్షల ప్రాంతమే, ఎర్ర జెండా ఎగురుతుంటే అటు వెళ్ళకండి.

మూడో రోజు: డోవర్

సెయింట్ పాంక్రస్ నుంచి వేగపు రైలులో గంట పైచిలుకు. రోజంతా అక్కర్లేదు, ఒక పూట చాలు.

సముద్రంలోకి కట్టిన అడ్మిరాల్టీ పియర్ అనే గట్టు మీద ఇనుప గుండ్రటి టరెట్, అంటే తిరిగే ఫిరంగి గది ఉంది. అప్పట్లో గట్టు చివర అదే. అందులో 16 అంగుళాల, 80 టన్నుల మూతి-నింపుడు ఫిరంగులు రెండు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కో గుండు దాదాపు 770 కిలోలు, దానికి మందు సుమారు 200 కిలోలు. టరెట్‌ను తిప్పడానికి కింద ఆవిరి యంత్రం. ఫిరంగి మూతిని బయట పెట్టి నింపే వీల్లేదు కాబట్టి, మూతిని కిందికి వంచి, పియర్ లోపలి గదిలోంచి యంత్రంతో గుండును పైకి తోసేవాళ్ళు. 1880ల ఆరంభంలో సిద్ధమైన ఈ టరెట్ ఇరవై ఏళ్ళకే పనికిరాకుండా పోయింది. బాయిలర్‌లో ఆవిరి లేకపోతే తిరగదు, ఆవిరి కూడేసరికి శత్రువు ఓడ దాటిపోతుంది. ఇది వాలంటీర్లు నెట్టుకొచ్చే వస్తువు కాదు. అక్కడి సింక్ పోర్ట్స్ ఆర్టిలరీ వాలంటీర్లు చిన్న ఫిరంగులతోనే సరిపెట్టుకున్నారు. టరెట్ లోపలికి మామూలు రోజుల్లో పోనివ్వరు. పియర్ తెరిచి ఉంటే చేపలు పట్టేవాళ్ళ పక్కనుంచి నడిచి బయటి నుంచి చూడండి. మిగతా పూట వెస్టర్న్ హైట్స్ ఎక్కండి.

నాలుగో రోజు: ఫోర్ట్ నెల్సన్

ఒక్క రోజే ఉందంటే ఈ ఒక్క చోటికి రండి. పోర్ట్స్‌మత్ వెనక పోర్ట్స్‌డౌన్ కొండ మీద 1860లలో కట్టిన కోట ఇది. ఇప్పుడు రాయల్ ఆర్మరీస్ ఫిరంగుల మ్యూజియం. ఫేర్‌హమ్ స్టేషన్లో దిగి టాక్సీ పట్టడం తేలిక.

ఇక్కడి ఫిరంగులు సముద్రం వైపు కాకుండా ఉత్తరాన పొలాల వైపు తిరిగి ఉండటం చూసి చాలామంది నవ్వుతారు. లెక్క సరైనదే. గాడుల ఫిరంగులు వచ్చాక ఈ కొండ మీది నుంచి కింది నౌకా కర్మాగారాన్ని నేరుగా కొట్టొచ్చు. శత్రువు పక్క తీరంలో దిగి వెనకనుంచి కొండెక్కితే పోర్ట్స్‌మత్ పోయినట్టే. అలా ఎవరూ రాలేదు కాబట్టి ప్రధాని పేరుతో 'పామర్‌స్టన్ తిక్క' అని ఎద్దేవా చేశారు. ఆ ఎద్దేవా మాకు న్యాయంగా అనిపించదు.

ప్రాకారం మీది 64 పౌండర్‌ను దగ్గరగా చూడండి. దేశమంతటా వాలంటీర్ల చేతుల్లో ఎక్కువగా నలిగినవాటిలో ఇదొకటి. చాలావరకు ఇవి కొత్త ఫిరంగులు కావు. మేజర్ విలియం పాలిసర్ ఉపాయంతో పాత నున్నగొట్టం ఫిరంగులకే మరమ్మతు చేసి వీటిని తయారుచేశారు. 8 అంగుళాల పాత పోత-ఇనుప ఫిరంగి లోపలిని ఇంకా పెద్దగా తొలిచి, చుట్లు చుట్టిన మెత్తటి ఇనుప గొట్టాన్ని మూతి వైపు నుంచి లోపలికి దింపుతారు. మూతి దగ్గర ఒక కాలరు మర బిగిస్తారు. తర్వాత ఎక్కువ మందుతో పరీక్ష గుండ్లు పేలుస్తారు. ఆ ఒత్తిడికి లోపలి గొట్టం కొంచెం ఉబ్బి బయటి పోత ఇనుముకు అతుక్కుపోతుంది. అంటే బిగించే పని ఫిరంగి తనంతట తానే చేసుకుంటుంది. మూతి అంచు మీద టార్చి వేస్తే రెండు ఇనుముల మధ్య వలయం గీత స్పష్టంగా కనిపిస్తుంది. లోపల మూడు గాడులుంటాయి.

నింపే వరస ఇదీ. ముందు తడి స్పాంజి, గొట్టం అడుగుదాకా తోసి తిప్పాలి. ఆ సమయంలో ఒకడు వెనక మందు రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసి పట్టుకోవాలి. మూయకపోతే గాలి లాగి లోపల మిగిలిన నిప్పుకణిక రాజుకుంటుంది. తర్వాత 8 పౌన్ల మందు సంచి. ఆ తర్వాత షెల్లు, దాని ఒంటి మీది లోహపు బొడిపెలు మూడు గాడుల్లో సరిగ్గా కూర్చునేలా చేత్తో తిప్పి పట్టి తొయ్యాలి. లోపలికి తోసే కర్ర మీద ముందే గీసిన గీత మూతికి వచ్చిందా లేదా చూడాలి. గీత బయటే ఉంటే షెల్లు మధ్యలో ఇరుక్కున్నట్టు. అలా పేలిస్తే మందుకూ షెల్లుకూ మధ్య ఖాళీలో ఒత్తిడి పెరిగి గొట్టమే పగలొచ్చు. ఫిరంగిని ముందుకు జరిపి, మందు రంధ్రంలోంచి పుల్లతో సంచిని పొడిచి, లాగితే రాపిడికి నిప్పు పుట్టించే చిన్న గొట్టం పెట్టి, తాడు లాగడమే మిగిలింది.

బొడిపెల పద్ధతిలో తీరని జబ్బొకటుంది. షెల్లు లోపలికి దూరాలంటే చుట్టూ కాస్త సందు ఉండాలి. షెల్లు అడుగున కూర్చుంటుంది కాబట్టి ఆ సందంతా పైన చేరుతుంది. పేలిన ప్రతిసారీ మంట అక్కడినుంచే దూసుకుపోయి గొట్టం పైభాగాన్ని తినేస్తుంది. 1870ల చివర్లో షెల్లు వెనక రాగి బిళ్ళ పెట్టి ఆ సందు మూశారు. ఆ బిళ్ళే గాడుల్లో ఒత్తుకుని షెల్లును తిప్పగలదని తేలాక బొడిపెల అవసరమే లేకుండాపోయింది.

ముంగిట్లో మాలెట్ మోర్టార్ ఉంది. 36 అంగుళాల నోరు, 42 టన్నులు. క్రిమియా యుద్ధం కోసం డబ్లిన్ ఇంజినీర్ రాబర్ట్ మాలెట్ రూపొందిస్తే, యుద్ధం ముగిశాక, 1857లో చేతికొచ్చింది. విడదీసి మోయడానికి వీలుగా ఇనుప వలయాల ముక్కలుగా చేసి కడ్డీలతో బిగించారు. రెండు చేస్తే, వాటిలో ఒకదాంతో మొత్తం 19 గుండ్లు పేల్చారు, మధ్యమధ్యలో వలయాలో కడ్డీలో విరగడం, బాగుచేయడం. ఆలోచనలో తప్పులేదు, అతుకుల్లోనే ఉంది తప్పు. దీని జోడును లండన్‌లోని వూలిచ్‌లో ఉంచారు.

పోర్ట్స్‌డౌన్ ఆర్టిలరీ వాలంటీర్స్ అనే బృందం ఇక్కడ పాతకాలపు నీలం యూనిఫాంలో డ్రిల్లు చేసి చూపిస్తుంది. ఏ రోజుల్లో ఉంటుందో ముందుగా కనుక్కుని రండి. పైన రాసిన వరసను చదవడం వేరు, తొమ్మిదిమంది ఒకరి కాళ్ళకొకరు అడ్డం పడకుండా చేయడం చూడటం వేరు. చెవుల్లో దూది పెట్టుకోండి, చంటిపిల్లల్ని దూరంగా ఉంచండి.

ఐదో రోజు: హర్స్ట్ కాజిల్

లిమింగ్టన్ దగ్గర కీహేవన్ నుంచి చిన్న పడవ వెళ్తుంది. నడవాలంటే రెండు కిలోమీటర్లకు పైగా గులకరాళ్ళ మీద నడక, ఒంట్లో పిండి రాలుతుంది. ఎనిమిదో హెన్రీ కట్టిన చిన్న కోటకు అటూ ఇటూ 1861-74 మధ్య పొడవైన రెక్కలు కట్టి 61 ఫిరంగులకు చోటు చేశారు. సముద్రం పునాదిని తినేసి తూర్పు రెక్క గోడ 2021 ఫిబ్రవరిలో కొంత కూలింది.

పడమటి రెక్కలో 12.5 అంగుళాల, 38 టన్నుల ఫిరంగులు రెండు ఉన్నాయి. ఫిరంగిని తర్వాత చూద్దురు గాని, ముందు నేల చూడండి. అర్ధచంద్రాకారపు ఇనుప పట్టాలు ఉంటాయి. ఫిరంగి కింది వేదిక చక్రాలు వాటి మీద తిరిగేవి. ఒకే గదిలో రెండు మూడు జతల పట్టాల గుర్తులు, పూడ్చిన బోల్టు రంధ్రాలు కనిపిస్తే, ఒక ఫిరంగి తీసి మరోటి పెట్టారని అర్థం. ముందున్న ఇనుప కవచం ఒకే పలక కాదు, పలకల పొరలు. గుండు తగిలినప్పుడు బోల్టు తలలు విరిగి లోపలికి దూసుకొస్తాయి కాబట్టి వెనక లావు తాళ్ళ తెరలు వేలాడదీసేవాళ్ళు. పొగ లోపలికి రాకుండా కూడా అవే. తెరలు తగిలించిన కొక్కేలు కప్పుకు వెతకండి.

దాదాపు 370 కిలోల గుండును మూతి దాకా కప్పీతో ఎత్తి, కవచపు కిటికీకి దగ్గరగా నిలబడి లోపలికి తొయ్యాలి. ఇంత పెద్ద గొట్టంలో ఇంకో ప్రమాదం ఉంది. 1879 జనవరి 2న థండరర్ యుద్ధనౌకలో 12 అంగుళాల, 38 టన్నుల ఫిరంగి పేలిపోయి 11 మంది చనిపోయారు. రెండు ఫిరంగులు ఒకేసారి పేలుస్తుంటే ఒకటి పేలలేదు. ఆ మోతలో, పొగలో అది ఎవరి కంటా పడలేదు. యంత్రంతో దాంట్లోకే మరో మందు సంచి, మరో గుండు తోసేశారు. నమ్మనివాళ్ళ కోసం దాని జోడు ఫిరంగిని వూలిచ్‌కు తెచ్చి, కావాలనే రెండుసార్లు నింపి పేల్చి చూశారు. అచ్చం అలాగే పగిలింది. వెనకనుంచి నింపే ఫిరంగిలో మూత తీయగానే లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది. పదిహేనేళ్ళ కిందట వద్దనుకున్న వెనక-మూతను సైన్యం మళ్ళీ నెత్తికెత్తుకోవడానికి ఈ ప్రమాదం కూడా ఒక కారణం. ఈ కోట గదులు కట్టడం పూర్తయి అప్పటికి ఐదేళ్ళే.

ఆరో రోజు: నీడిల్స్

లిమింగ్టన్ నుంచి ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని యార్మత్‌కు ఓడలో 40 నిమిషాలు. అక్కడినుంచి బస్సు, ఆపైన కొండ అంచున నడక. నేషనల్ ట్రస్ట్ నడిపే ఓల్డ్ బ్యాటరీ 1863లో పూర్తయింది. మొదట ఆరు 7 అంగుళాల ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు, 1873 నుంచి 9 అంగుళాల మూతి-నింపుడువి. పనికిరాకుండా పోయాక కొండ మీది నుంచి కిందికి తోసేసిన ఆ 12 టన్నుల ఫిరంగుల్లో రెంటిని మళ్ళీ పైకి తెచ్చి ఇక్కడ పెట్టారు. పేల్చినప్పుడల్లా సుద్దరాయి కొండ అంచు రాలుతుండటంతో 1890లలో ఇంకా పైన కొత్త బ్యాటరీ కట్టారు. రాకెట్ పరీక్షల బొమ్మలున్నది ఆ కొత్తదాంట్లో.

ఇక్కడి ఎత్తు చూశాక దూరం కొలిచే పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. కెప్టెన్ వాట్కిన్ చేసిన యంత్రం టెలిస్కోపును కిందికి వంచి ఓడ నీటిగీతను చూస్తుంది. యంత్రం ఎత్తు తెలుసు, వంపు కోణం తెలుసు, కాబట్టి దూరం తెలుస్తుంది. చిక్కంతా ఆటుపోట్లది. 76 మీటర్ల ఎత్తున నిలబడి 2,000 మీటర్ల దూరంలోని ఓడను చూస్తున్నారనుకోండి. నీటిమట్టం 2 మీటర్లు పెరిగిన సంగతి యంత్రానికి చెప్పకపోతే దూరంలో 50 మీటర్లకు పైగా తేడా వస్తుంది, ఓడ వెడల్పుకు మూడింతలు. తీరం ఎత్తు తక్కువయ్యేకొద్దీ ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే ఆటుపోట్ల పట్టీ లేకుండా ఈ యంత్రం ముందు కూర్చోవడం దండగ.

ఏడో రోజు: ఫ్లాట్ హోమ్

ఐల్ ఆఫ్ వైట్ నుంచి కార్డిఫ్ దూరమే, ముందు రాత్రే చేరుకోవాలి. బ్రిస్టల్ చానల్ మధ్య ఉన్న ఈ చిన్న దీవికి కార్డిఫ్ నుంచి పడవలుంటాయి, సీట్లు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. ప్రపంచంలోనే అతి పెద్ద ఆటుపోట్లలో ఇక్కడివి కూడా లెక్కకొస్తాయి. పడవ వేళను నిర్ణయించేది నీళ్ళే, గాలి పెరిగితే రద్దు. వీలైతే మర్నాడు కూడా ఖాళీగా ఉంచుకోండి. మంచినీళ్ళు, తిండి వెంట తీసుకెళ్ళండి.

ఈ దారికి చివర ఈ దీవిని పెట్టడానికి కారణం మాన్‌క్రీఫ్ గుంటలు. అలెగ్జాండర్ మాన్‌క్రీఫ్ స్కాట్లండ్ మిలీషియా ఫిరంగి దళంలో అధికారి, అంటే పూర్తికాలం సైనికుడు కాడు. క్రిమియా యుద్ధంలో సెవాస్తొపోల్ ముట్టడి చూసినప్పుడు ఆయనకు తట్టింది ఇదీ. గోడలో కంత పెట్టి ఫిరంగి పేలిస్తే ఆ కంతకే శత్రువు గుండు వస్తుంది. మరి ఫిరంగి పేలగానే గోడ కిందికి దాక్కుంటే?

ఫిరంగి రెండు వంపు పలకల పైన కూర్చుంటుంది. ఆ పలకల అడుగు కుర్చీ కాళ్ళలా కాక చక్రం ముక్కలా గుండ్రంగా ఉంటుంది, దాని కింద బరువైన ఎదురుతూకం. పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బకు పలకలు దొర్లి, ఫిరంగి వెనక్కీ కిందికీ దిగుతుంది, ఎదురుతూకం పైకి లేస్తుంది. అక్కడ ఒక పట్టు దాన్ని ఆపుతుంది. గోడ చాటున నింపి, పట్టు వదిలితే ఎదురుతూకం దిగుతూ ఫిరంగిని మళ్ళీ పైకెత్తుతుంది. అప్పటిదాకా వేదికను విరగ్గొడుతూ వచ్చిన వెనుదెబ్బను పనిలో పెట్టుకున్న మొదటి ఏర్పాట్లలో ఇదొకటి.

చెడేది ఎక్కడంటే, పూర్తి మందుతో పేలిస్తేనే ఫిరంగి పూర్తిగా దిగుతుంది. పొదుపు కోసం తగ్గించిన మందుతో అభ్యాసం చేస్తే అది సగంలో ఆగి మళ్ళీ పైకొచ్చేస్తుంది, అప్పుడు మనుషులే కిందికి లాగాలి. ఫిరంగి బరువు పెరిగేకొద్దీ ఎదురుతూకం కూడా పెరగాలి, కాబట్టి 7 టన్నుల పైబడినవాటికి ఈ పద్ధతి గిట్టుబాటు కాలేదు. తర్వాత నీరు, గాలి ఒత్తిడితో ఎత్తే ఏర్పాట్లు వచ్చాయి. 1885లో పోర్ట్‌లాండ్ దగ్గర హెర్క్యులిస్ ఓడ అలాంటి డమ్మీ ఫిరంగి మీద కాల్పులు జరిపి చూస్తే దాన్ని కొట్టడం ఎంత కష్టమో తేలింది. అయితే కదిలే ఓడ నుంచి మామూలు ఫిరంగిని కొట్టడమూ దాదాపు అంతే కష్టం. దాక్కోవడానికి పట్టే సమయంలో ఇంకో రెండు గుండ్లు పేల్చుకోవచ్చని త్వరత్వరగా నింపి పేల్చగల కొత్త ఫిరంగులు చూపించాయి. దాక్కునే ఫిరంగికి కాలం చెల్లింది.

దీవిలో నాలుగు బ్యాటరీల్లో కలిపి తొమ్మిది 7 అంగుళాల ఫిరంగులు ఉండేవి. గొట్టాలు ఇప్పటికీ అక్కడే గడ్డిలో ఉన్నాయి, మోసుకెళ్ళడానికి అయ్యే ఖర్చు పాత ఇనుము ధరకు మించిపోతుంది మరి. గుంటలో దిగి చుట్టూ గోడలో ఉన్న గూళ్ళు చూడండి, అవి షెల్లుల కోసం. గుంట నేలలో వలయం పట్టా గుర్తుంటుంది. పై అంచు మీ తలకంటే ఎంత ఎత్తుందో చూస్తే, నింపేవాళ్ళు సముద్రాన్ని అసలు చూసేవాళ్ళు కాదని తెలుస్తుంది.

గొట్టం దగ్గర టేపు బయటికి తీయండి. ముందు మూతి కొలవండి, 7 అంగుళాలు, మూడు గాడులు. తర్వాత పక్కలకు పొడుచుకొచ్చిన ఇరుసుల్లో ఎడమదాని చివర ముఖం మీది తుప్పును మెత్తటి గుడ్డతో తుడవండి, తీగ బ్రష్షు వాడకండి. వరసగా తయారీదారు పొడి అక్షరాలు, ఫిరంగి నంబరు, నమూనా సంఖ్య, సంవత్సరం ఉంటాయి. ఆర్.జి.ఎఫ్. అంటే వూలిచ్ రాయల్ గన్ ఫ్యాక్టరీ. గొట్టం పైన రాణి వి.ఆర్. ముద్ర. బరువు గీతల మధ్య మూడు అంకెలుగా చెక్కి ఉంటే మొదటిది హండ్రెడ్‌వెయిట్‌లు, ఒక్కోటి 112 పౌన్లు, రెండోది అందులో పావులు, మూడోది మిగిలిన పౌన్లు. తుప్పు ఎక్కువై అక్షరాలు కనిపించకపోతే టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. తిరుగు పడవ పిలుపు వచ్చేలోపు రెండు మూడు గొట్టాలు చదవొచ్చు.